తీగ లాగితే డొంక కదిలింది

తెలుగులో "తీగ" అనే మాటకి రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి మల్లెతీగ, కాకరతీగ లాంటి పాకే మొక్క. రెండోది రాగితీగ, కరెంటు తీగ. "తీగ లాగితే డొంకంతా కదిలింది" అని ఒక సామెత కూడా ఉంది. డొంక అంటే ఇక్కడ ముళ్ళ పొదల గుబురు. చిన్న విషయం పట్టుకుని లాగితే దాని వెనక ఉన్న పెద్ద కథంతా బయటికొస్తుంది అని అర్థం. ఈ వారం వ్యాసంలో రెండు రకాల తీగలూ ఒకటే. శాంటా క్లారాలో పాత ఇళ్ళ గోడల్లో దాగి ఉన్న టెలిఫోన్ తీగల గురించి రాస్తున్నాను.

ఎందుకు ఈ విషయం? మా వంటింటి గోడ విప్పి కొత్తగా కట్టించాల్సి వచ్చింది. గోడలో మూడు ఫోన్ కేబుళ్ళు కనిపించాయి. పని చేస్తున్నతను చూసి "ఇవన్నీ పాతవే, కోసేద్దామా?" అని అడిగాడు. మా ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉంది. అది అమ్మమ్మ గదిలో మోగుతుంది. అమ్మమ్మ సెల్‌ఫోన్ వాడదు. ఆమె మెడలో ఒక బటన్ వేలాడుతూ ఉంటుంది. పడిపోతే ఆ బటన్ నొక్కాలి. ఆ బటన్ పెట్టె కూడా ల్యాండ్‌లైన్ మీదే పని చేస్తుంది. మూడు కేబుళ్ళలో ఏది అమ్మమ్మ గదికి వెళ్తుందో ఎవరికీ తెలియదు. అందుకని ఒక్కరోజు ఆగమని చెప్పి, వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతుంటే చరిత్ర బయటపడింది.

తోటలు పోయి ఇళ్ళు వచ్చాయి

1950 లో శాంటా క్లారా జనాభా 11,702. 1960 లో 58,880. పదేళ్ళలో ఐదు రెట్లు! అంతకుముందు ఇక్కడ ప్రూన్, ఆప్రికాట్, చెర్రీ తోటలు ఉండేవి. ఆ చెట్లు కొట్టేసి, వరసలు వరసలుగా ఇళ్ళు కట్టారు. మా ఇల్లు కూడా ఆ పదేళ్ళలో కట్టిందే. ఫోన్లు ఎంతగా పెరిగాయంటే, 1959 లో ఈ ప్రాంతాన్ని 415 నుంచి విడదీసి 408 అనే కొత్త ఏరియా కోడ్ ఇచ్చారు. 2012 లో 408 నంబర్లు కూడా చాలక దానిమీద 669 కలిపారు.

ఆ కాలం ఇళ్ళు ఎక్కువగా ఒకే అంతస్తు ఇళ్ళు. వాటిని రాంచ్ ఇళ్ళు అంటారు. చాలా ఇళ్ళలో నేల కింద మనిషి పాకేంత ఖాళీ ఉంటుంది, పైన అటక ఉంటుంది. ఫోన్ తీగలు ఈ రెండు చోట్లలోనే తిరుగుతాయి. కానీ అన్ని ఇళ్ళూ అలా ఉండవు. జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ 1960ల మొదట్లో శాంటా క్లారాలో పోమెరాయ్ గ్రీన్ అనే ఇళ్ళ సముదాయం కట్టాడు. ఐక్లర్ ఇళ్ళు సాధారణంగా కాంక్రీటు పలక మీద నేరుగా నిలబడి ఉంటాయి. కింద ఖాళీ లేదు, పైన అటక లేదు. పైగా ఆ కాంక్రీటులోనే ఇల్లు వెచ్చగా ఉంచే వేడినీళ్ళ గొట్టాలు ఉంటాయి. అలాంటి ఇంట్లో ఫోన్ తీగ కోసం నేలకి చిల్లు పెడితే తీగ దొరక్కపోవచ్చు, నీళ్ళు మాత్రం దొరుకుతాయి.

గోడ మనది, తీగ వాళ్ళది

నాకు బాగా ఆశ్చర్యం వేసిన విషయం ఇది. శాంటా క్లారాలో కరెంటు కంపెనీ నగరానిదే. 1896 నుంచి నగరమే కరెంటు ఇస్తోంది. ఇప్పుడు దాని పేరు సిలికాన్ వ్యాలీ పవర్. ఇంట్లోకి వచ్చాక కరెంటు తీగ ఇంటి యజమానిది. కానీ టెలిఫోన్ అప్పట్లో అలా ఉండేది కాదు. ఇక్కడ అప్పటి ఫోన్ కంపెనీ పసిఫిక్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్. అది బెల్ సిస్టమ్ అనే పెద్ద కుటుంబంలో ఒకటి, దాని పెద్ద ఏటీ అండ్ టీ. వీళ్ళ లెక్కలో గోడలో తీగ, గోడ మీద జాక్, బల్ల మీద ఫోన్, అన్నీ కంపెనీవే. జనం నెలనెలా అద్దె కట్టేవాళ్ళు. ఇంకో గదిలో రెండో ఫోన్ కావాలంటే దానికి వేరే అద్దె ఉండేది.

కొంతమంది దొంగచాటుగా రెండో ఫోన్ పెట్టుకునేవాళ్ళు. కంపెనీ దాన్ని దూరం నుంచే కనిపెట్టేది. ఫోన్లో గంట ఉంటుంది కదా, ఆ గంటలు లైన్ మీద ఎన్ని ఉన్నాయో ఎక్స్చేంజి నుంచి కొలవచ్చు. ఒక గంటకి డబ్బు కడుతూ రెండు గంటలు ఉంటే దొరికిపోతారు. అందుకని తెలివైనవాళ్ళు రెండో ఫోన్‌కి గంట తీగ ఊడదీసేవాళ్ళు. మోగని ఫోన్ అన్నమాట.

ఈ పద్ధతి మెల్లిగా మారింది. 1968 లో ఎఫ్‌సీసీ, అంటే దేశంలో ఫోన్, రేడియో విషయాలు చూసే ప్రభుత్వ సంస్థ, కార్టర్‌ఫోన్ అనే కేసులో తీర్పు ఇచ్చింది. నెట్‌వర్క్‌కి హాని చేయనంతవరకు బయటివాళ్ళ పరికరాలు కూడా లైన్‌కి తగిలించవచ్చు అంది. 1984 జనవరి 1 న బెల్ సిస్టమ్ ముక్కలైంది. పసిఫిక్ టెలిఫోన్ పేరు పసిఫిక్ బెల్ అయింది. 1987 జనవరి 1 నుంచి ఇంటి లోపల తీగ పని కంపెనీ గుత్తగా చేసే పని కాకుండా పోయింది. ఎవరైనా చేయించుకోవచ్చు, ఎవరైనా చేసుకోవచ్చు. పసిఫిక్ బెల్‌ని 1997 లో ఎస్‌బీసీ కొంది. ఆ ఎస్‌బీసీ 2005 లో ఏటీ అండ్ టీని కొని ఆ పేరే పెట్టుకుంది. మనవడు తాతగారి పేరు పెట్టుకున్నట్టు!

ఇప్పుడు ఇంటి బయట గోడకి ఒక బూడిదరంగు పెట్టె ఉంటుంది. ఆ పెట్టె సరిహద్దు. వీధి వైపు తీగ కంపెనీది, ఇంటి వైపు తీగ మనది. గట్టు మీద సరిహద్దు రాయి లాంటిది అది.

తీగ వయసు ఎలా తెలుస్తుంది

చెట్టు మొదలు కోస్తే వలయాలు కనిపిస్తాయి. ఫోన్ తీగలు కూడా అలాగే కాలం చెప్తాయి.

మొదటిది, జాక్. అన్నిటికన్నా పాత ఇళ్ళలో జాకే ఉండదు. గోడ అడుగున చెక్కపట్టీ మీద చిన్న దిమ్మ ఉంటుంది. దాంట్లో మరలు ఉంటాయి. ఫోన్ తీగ నేరుగా ఆ మరలకి బిగిస్తారు. ఫోన్ కదలదు. తర్వాత నాలుగు పుల్లల ప్లగ్గు వచ్చింది, ఫోన్ ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకెళ్ళొచ్చు. 1970లలో ఇప్పుడు మనకి తెలిసిన చిన్న చతురస్రం జాక్ వచ్చింది, టిక్ అని శబ్దం చేస్తుంది.

రెండోది, రంగు. పాత కేబుల్లో నాలుగు తీగలు ఉంటాయి: ఆకుపచ్చ, ఎరుపు, నలుపు, పసుపు. కొన్ని ఇంకా పాతవాటిలో మూడే ఉంటాయి. ఒక ఫోన్ లైన్‌కి రెండు తీగలు చాలు. వాటిని టిప్, రింగ్ అంటారు. ఆకుపచ్చ టిప్, ఎరుపు రింగ్. ఇక్కడ రింగ్ అంటే గంట మోగడం కాదు. పాత స్విచ్‌బోర్డుల్లో ఆపరేటర్లు గుచ్చే ప్లగ్గుకి చివర ఒక మొన, దాని వెనక ఒక ఉంగరం ఉండేవి. మొన టిప్, ఉంగరం రింగ్. ఆపరేటర్లు పోయారు, వాళ్ళ ప్లగ్గు పేర్లు మాత్రం మన గోడల్లో మిగిలాయి.

మరి నలుపు, పసుపు ఎందుకు? 1959 లో బెల్ కంపెనీ ప్రిన్సెస్ అనే చిన్న ఫోన్ తెచ్చింది. దాని డయల్ చీకట్లో వెలుగుతుంది. ఆ చిన్న దీపానికి కరెంటు ఈ నలుపు, పసుపు తీగల మీద పంపేవాళ్ళు. అందుకే పాత ఇళ్ళలో ఏదో అలమర మూలలో ప్లగ్గుకి తగిలించిన ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా దొరుకుతుంది. తర్వాత అవే రెండు తీగలు రెండో ఫోన్ లైన్‌కి వాడారు.

మూడోది, పేనడం. పేనడం అంటే రెండు పోగుల్ని కలిపి మెలిపెట్టడం, తాడు పేనినట్టు. పాత నాలుగు తీగల కేబుల్లో తీగలు జతలుగా పేని ఉండవు. అందుకే రెండు లైన్లు ఉంటే ఒకదాంట్లో మాటలు ఇంకోదాంట్లో సన్నగా వినిపిస్తాయి. కొత్త కేబుల్లో ప్రతి జత విడిగా పేని ఉంటుంది: తెలుపు-నీలం ఒక జత, తెలుపు-నారింజ ఇంకో జత. ఈ ఉపాయం కొత్తది కాదు. అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ 1881 లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మన ఇంటర్నెట్ కేబుళ్ళలో ఈరోజుకీ అదే పేనుడు.

వెతికే పద్ధతి

మీ ఇల్లు కూడా పాతదైతే ఇది పనికొస్తుంది. ముందు జాగ్రత్తలు. ఫోన్ తీగలో మామూలుగా 48 వోల్టులు ఉంటాయి, అది పెద్ద ప్రమాదం కాదు. కానీ ఫోన్ మోగేటప్పుడు దాదాపు 90 వోల్టులు వస్తాయి, అప్పుడు ముట్టుకుంటే గట్టిగా కొడుతుంది. కాబట్టి మొదట బయట బూడిదరంగు పెట్టెలో ఇంటి వైపు ప్లగ్గు తీసేయాలి. 1980 కి ముందు కట్టిన ఇళ్ళ గోడల్లో, కప్పుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. 1978 కి ముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గోడ కొయ్యకూడదు.

ప్లగ్గు తీసే ముందు నేను అమ్మమ్మకి చెప్పాను.

"అమ్మమ్మా, ఒక గంటసేపు నీ ఫోన్ పని చేయదు. ఈ సెల్‌ఫోన్ నీ దగ్గర పెట్టుకో, అమ్మ నీ పక్కనే కూర్చుంటుంది."

"గంటే కదా? ఈలోగా గుంటూరు నుంచి మీ పెదమామయ్య చేస్తేనో?"

"ఇప్పుడు అక్కడ రాత్రి రెండు గంటలు అమ్మమ్మా, పడుకుని ఉంటాడు."

"సరే కానీయవే తల్లీ. చూసుకుని చెయ్యి, ఒకదానికి ఒకటి కోసేవు."

తర్వాత ఒక టోనర్ తీసుకున్నాను. ఇది రెండు ముక్కల పరికరం. ఒక ముక్క తీగకి తగిలిస్తే అది తీగలోకి కూత లాంటి శబ్దం పంపుతుంది. రెండో ముక్క పెన్నులా ఉంటుంది. దాన్ని గోడ దగ్గర పెడితే, తీగ లోపల ఉన్నచోట కూత వినిపిస్తుంది. గోడకి చెవి పెట్టి పాము ఎక్కడుందో వెతికినట్టు ఉంటుంది. గోడలో ఇనుప జాలీ గానీ రేకు గానీ ఉంటే కూత సన్నగా అయిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. పక్కపక్కనే ఉన్న తీగలన్నిటిలోకీ కూత పాకుతుంది. మూడు కేబుళ్ళు ఒకే చిల్లులోంచి వెళ్తుంటే మూడూ కూస్తాయి. అప్పుడు అసలుది ఏదో ఇలా తేల్చాలి: అవతలి చివర జతలో రెండు తీగల్నీ ఒకదానికొకటి తాకించాలి. కూత ఆగిపోతే అదే మన తీగ. ఆగకపోతే అది పక్కింటి చుట్టం, మన తీగ కాదు.

మూడోది, తీగ ఏ ఆకారంలో వేశారో ఊహించాలి. పాత ఇళ్ళలో పూలదండ గుచ్చినట్టు వేసేవాళ్ళు: ఒక జాక్ నుంచి ఇంకో జాక్, అక్కడి నుంచి ఇంకోటి. దారం మధ్యలో తెగితే తర్వాతి పూలన్నీ రాలిపోతాయి. కొత్త ఇళ్ళలో ప్రతి జాక్‌కి ఒక విడి తీగ ఉంటుంది. దొంగల అలారం ఉన్న ఇంట్లో లైన్ ముందు అలారం పెట్టెకి వెళ్ళి, తర్వాతే ఫోన్లకి వెళ్తుంది.

మా ఇంట్లో తేలింది ఇది. ఒక లేత రంగు నాలుగు తీగల కేబుల్ చిన్న పడకగదికి వెళ్ళి అక్కడ ఆగిపోయింది, ప్రాణం లేదు. ఒక కొత్త పేనిన కేబుల్ నాన్న గదికి వెళ్ళింది. అది నాన్న 1990లలో మోడెమ్ కోసం వేయించిన రెండో లైన్, దానికీ ప్రాణం లేదు. గోధుమరంగు తొడుగుతో, దుమ్ము పట్టి, అన్నిటికన్నా ముసలిదైన కేబుల్ వంటింటి గోడ జాక్ దగ్గర ఆగి, అక్కడి నుంచి నేల కిందికి దిగి, అమ్మమ్మ గదిలో తేలింది. ముందు కోసేద్దామనుకున్నది దాన్నే.

ఆ తీగల మీద ఏ మాటలు నడిచాయి

మా ఇంట్లోలా వంటింటి గోడ మీద ఫోన్ పెట్టడం అమెరికా అలవాటు. మనవాళ్ళు దాన్ని వెంటనే సొంతం చేసుకున్నారు. పులుసు కలుపుతూ మాట్లాడొచ్చు కదా. 1965 లో వలస చట్టం మారాక తెలుగువాళ్ళు ఇక్కడికి రావడం పెరిగింది. 1990 చట్టంతో హెచ్-1బీ వీసాలు వచ్చాక ఇంకా పెరిగింది. అప్పుడు ఈ లోయలో ఇళ్ళ గోడల్లో తీగలు తెలుగు మోయడం మొదలుపెట్టాయి.

దూరం మాట్లాడే విద్యకి ఈ ప్రాంతంతో పాత సంబంధం ఉంది. 1912 లో పక్కనే ఉన్న పాలో ఆల్టోలో, ఫెడరల్ టెలిగ్రాఫ్ కంపెనీలో పని చేస్తూ లీ డి ఫారెస్ట్ తన ఆడియాన్ గొట్టంతో శబ్దాన్ని పెంచవచ్చని చూపించాడు. ఏటీ అండ్ టీ ఆ హక్కులు కొని గొట్టాన్ని బాగుచేసింది. 1915 జనవరి 25 న న్యూయార్క్ నుంచి బెల్, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న వాట్సన్‌తో మాట్లాడాడు. ఖండం అటు చివర నుంచి ఇటు చివరికి!

అవతలి వైపు కథ వేరు. భారతదేశంలో ఆపరేటర్ లేకుండా ఊరి నుంచి ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్‌టీడీ 1960 లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది. మిగతా ఊళ్ళవాళ్ళు చాలా ఏళ్ళు ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చునేవాళ్ళు. దాంట్లో ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు పక్కింటివాళ్ళ నంబర్ ఇచ్చి పక్కన "పి.పి." అని రాసేవాళ్ళు. అంటే ఆ నంబర్‌కి చేస్తే వాళ్ళు వచ్చి మిమ్మల్ని పిలుస్తారు. అమ్మమ్మ వాళ్ళ పి.పి. నంబర్ వీధి చివర మందుల కొట్టుది. ఫోన్ వచ్చిందని కుర్రాడు పరిగెత్తుకు వస్తే, ఎవరికి ఏమైందో అని గుండె దడదడలాడేదట. శుభవార్తలకి ఉత్తరం రాసేవాళ్ళు, ఫోన్ ఖర్చు పెట్టేది తప్పనప్పుడే. 1980ల చివర పసుపు రంగు ఎస్‌టీడీ బూతులు వీధివీధికీ వచ్చాకే ఆ భయం తగ్గింది.

ఇక్కడి నుంచి చేసేటప్పుడు 011, తర్వాత దేశానికి 91, గుంటూరుకి 863. చాలామంది ఇళ్ళలో ఈ అంకెలు ఫోన్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉండేవి. ఇండియన్ కొట్లో కొన్న కాలింగ్ కార్డు నంబర్ కూడా నొక్కాలి. లైన్ ఉపగ్రహం మీద పోతే మాట 36,000 కిలోమీటర్లు పైకి వెళ్ళి మళ్ళీ కిందికి రావాలి. అందుకే మధ్యలో ఆ చిన్న ఖాళీ వచ్చేది. ఇద్దరూ ఒకేసారి "హలో" అనేవాళ్ళు, ఇద్దరూ ఒకేసారి ఆగేవాళ్ళు. మా అమ్మ ఫోన్లో ఇప్పటికీ గట్టిగా అరుస్తుంది. అది అప్పటి అలవాటు.

నేను నేర్చుకున్న మొదటి తెలుగు వాక్యాలు కూడా ఈ తీగ మీదవే. "బాగున్నారా? అన్నం తిన్నారా? అక్కడ వానలు పడుతున్నాయా?" గోడ ఫోన్ నా చెవి దగ్గర పెట్టి అమ్మ పక్క నుంచి అందించేది, నేను తిరిగి చెప్పేదాన్ని.

ఇప్పుడు ఏమవుతోంది

రాగి లైన్లు ఖర్చు ఎక్కువ అని కంపెనీలు వాటిని తగ్గించాలని చూస్తున్నాయి. కాలిఫోర్నియాలో అడిగిన ప్రతివాళ్ళకీ ఫోన్ ఇవ్వాల్సిన బాధ్యత ఒకటి ఉంది. దాని నుంచి తప్పించమని ఏటీ అండ్ టీ 2023 లో రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్‌ని అడిగింది. ప్రజలు సమావేశాలకి వచ్చి మాట్లాడారు. వాళ్ళలో పెద్దవాళ్ళు, సెల్ సిగ్నల్ అందని ఊళ్ళవాళ్ళు ఉన్నారు. 2024 జూన్‌లో కమిషన్ ఒప్పుకోలేదు. కానీ నియమాలు మార్చాలా అనే చర్చ కూడా అప్పుడే మొదలుపెట్టింది.

పెద్దవాళ్ళు ఎందుకు పట్టుబడుతున్నారంటే, రాగి లైన్‌కి కరెంటు ఎక్స్చేంజిలో ఉన్న బ్యాటరీల నుంచి వస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా మామూలు తీగ ఫోన్ పని చేస్తుంది. ఇంటర్నెట్ ఫోన్‌కి ఇంట్లో బ్యాటరీ లేకపోతే కరెంటుతో పాటు అదీ పోతుంది. భూకంపాలు వచ్చే చోట ఇది చిన్న విషయం కాదు. మెడలో బటన్ ఉన్నవాళ్ళ ఇంట్లో అసలే కాదు.

అద్దె ఇళ్ళలో ఉన్న తెలుగువాళ్ళకి ఒక మాట. కాలిఫోర్నియా చట్టం ప్రకారం అద్దెకిచ్చే ఇంట్లో కనీసం ఒక్క పనిచేసే ఫోన్ జాక్ ఉండాలి, లోపలి తీగ బాగుండేలా చూడాల్సింది ఇంటి యజమానే. మీ అమ్మానాన్నలో, తాతగారో మీతో ఉండటానికి వస్తే ఇది గుర్తుంచుకోండి.

మా వంటింటి గోడ ఇప్పుడు మూసేశారు. ప్రాణం లేని రెండు కేబుళ్ళు తీసేయించాం. మూడోదాన్ని కొత్త గొట్టంలో పెట్టి, రెండు చివర్లా కాగితం చీటీలు కట్టాను. ఇంగ్లీషులో "డు నాట్ కట్" అనీ, దాని కింద తెలుగులో "కొయ్యవద్దు, అమ్మమ్మ లైన్" అనీ రాశాను. తర్వాత ఎప్పుడో ఆ గోడ విప్పేవాళ్ళకి రెండో వరస అర్థం కాకపోవచ్చు. అడిగి తెలుసుకుంటే మంచిదే, వాళ్ళ చేతిలో తీగ ఉంటుంది.